ఏడో తరగతి పాసైనందుకు కృతజ్ఞత కూడిక

మా అమ్మాయి ఏడో తరగతి పాసైందని మా ఇంటి ముందు షామియానా వేశారు. వేయించింది మా అత్తగారు. వద్దన్నది నేను. ఇంతవరకే చెప్పి ఊరుకుంటే నేను మంచిదాన్నీ మిగతావాళ్ళంతా మొండివాళ్ళూ అయిపోతాం. చాలా ఏళ్ళు నేనలాగే చెప్పుకుంటూ వచ్చాను కూడా. ఇప్పుడు మొత్తం చెబుతాను.

అప్పట్లో మేం విజయవాడ పటమటలో ఉండేవాళ్ళం. మా ఆయన ఆటోనగర్లో లారీ బాడీలు కట్టే షెడ్డులో వెల్డరు. నేను మునిసిపల్ స్కూల్లో టీచర్ని. మాది క్రైస్తవ కుటుంబం. ఉద్యోగం వచ్చినా, ఆపరేషన్ క్షేమంగా జరిగినా, ఇంటికి స్లాబు పడినా మాలో కృతజ్ఞత కూడిక పెట్టుకుంటారు. పాస్టరుగారూ సంఘంవాళ్ళూ చుట్టాలూ వస్తారు. పాటలు పాడతారు, వాక్యం చెబుతారు. మేలు పొందినవాళ్ళు లేచి నిలబడి తమకేం జరిగిందో చెబుతారు, దాన్ని సాక్ష్యం అంటాం. అందరూ స్తోత్రం అంటారు. ఆ తర్వాత భోజనాలు. చిన్నప్పట్నుంచీ నాకు ఆ అలవాటంటే ఇష్టమే. నా గొడవ దేవుడితో కాదు, మైకుతో.

మా అమ్మాయికి అయిదేళ్ళు దాటేదాకా మాట రాలేదు. తొంభైల మొదట్లో ఆటిజం అనే పేరు బెజవాడలో డాక్టర్లకే సరిగా తెలియదు, మాకేం తెలుస్తుంది? ఒకాయన చెవుడన్నాడు. ఇంకొకాయన బుద్ధిమాంద్యం అని కాగితం మీద రాసిచ్చాడు. మా ఆడపడుచు వసకొమ్ము అరగదీసి నాకించమంది, నాకించాను. చివరికి మద్రాసులో ఒక పెద్దావిడ, డాక్టరు, గంటసేపు పిల్లనే చూస్తూ కూర్చుని ఆ పేరు చెప్పింది. తిరుగు రైల్లో గూడూరు దాటాక మా ఆయన నావైపు తిరిగాడు. అప్పుడు అడిగాడు.

“ఇంతకీ మందుందా, లేదా?”

“లేదట.”

“మరి ఇంత దూరం ఎందుకొచ్చినట్టు?”

నాకు ఒళ్ళు మండిపోయింది. ఒంగోలు వచ్చేదాకా ఆయనతో మాట్లాడలేదు. ఇప్పుడు ఆలోచిస్తే ఆయన అడిగినదాంట్లో తప్పేం లేదు. విరిగిన ఛాసిస్ తెస్తే అతికించి పంపే మనిషి. పేరు చెప్పి పంపించేస్తే ఆయనకి అర్థం కాలేదు.

ఆ తర్వాత చుట్టాల ఇళ్ళకు వెళ్ళడం తగ్గిపోయింది. పెళ్ళికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకెళ్ళినట్టు ఈ పిల్లనెందుకు తెస్తారని మా తోడికోడలు వెనక అన్నదట. నా మొహం మీదే అన్నా నేను చేసేదేమీ లేదు. మా అమ్మాయికి చప్పుడు పడదు. మేళమైనా, టపాకాయైనా, పదిమంది ఒక్కసారి చప్పట్లు కొట్టినా చెవులు మూసుకుని, మణికట్టు కొరుక్కుంటుంది. తల మీద ఎవరైనా చెయ్యి వేస్తే ఇక చెప్పనక్కర్లేదు. మాలో ప్రతి పెద్దమనిషీ పిల్లల తల మీద చెయ్యి పెట్టే ప్రార్థన చేస్తాడు.

మాట వచ్చింది కూడా మనుషుల దగ్గర్నుంచి కాదు, తెలుగు వాచకంలోంచి. ఆరో ఏట ఒకరోజు నా బల్ల మీది రెండో తరగతి పుస్తకం తీసి పైకి చదవడం మొదలుపెట్టింది. నేను వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చాను. అప్పట్నుంచీ తను పుస్తకంలో ఉన్నట్టే మాట్లాడుతుంది. దాహం వేస్తే “మంచినీరు కావలెను” అంటుంది. వీధిలో పిల్లలు నవ్వేవాళ్ళు. నవ్వుకోండి అనేదాన్ని. ఆరేళ్ళు ఎదురుచూసినదానికి ఏ భాషయితే ఏం?

బళ్ళో చేర్చడానికి నాలుగు స్కూళ్ళ గడప తొక్కాను. నాలుగు చోట్లా ఒకటే మాట. “మీ పాప వల్ల మిగతా పిల్లల చదువు పాడవుతుందండీ.” ఆ మాట నాకు కొత్తగాదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో అలాంటి పిల్లని తీసుకొచ్చిన ఒక తల్లితో నేనే అన్నాను. ఆమె పిల్ల చెయ్యి పట్టుకుని వెళ్ళిపోయింది. నాలుగో స్కూలు మెట్లు దిగుతుంటే ఆ తల్లి మొహం గుర్తు తెచ్చుకుందామని చూశాను. గుర్తు రాలేదు. మొహం కూడా చూడకుండా పంపేశానన్నమాట.

అయిదోది మా సందు చివర, నాలుగు గదుల స్కూలు. దాని యజమానిని మా వైపు కరస్పాండెంటు అంటారు, ఎందుకంటారో నాకిప్పటికీ తెలియదు. ఆయన చేర్చుకున్నాడు. చేర్చుకునే ముందు తెల్లకాగితం మీద రాయించుకున్నాడు, పాప వల్ల ఏ ఇబ్బంది వచ్చినా అడిగిన రోజున టీసీ తీసుకుంటామని. మా ఇద్దరి చేతా సంతకాలు పెట్టించుకున్నాడు. ఆ కాగితం ఆయన టేబులు అద్దం కింద నాకు కనబడేలా ఆరేళ్ళు ఉంది.

ఏడో తరగతికి వచ్చేసరికి అసలు సంగతి బయటపడింది. అప్పుడు ఏడో తరగతికి జిల్లా అంతటికీ ఒకటే పరీక్ష. పేపర్లు బయటినుంచి వస్తాయి, పరీక్ష రాసేది వేరే స్కూల్లో. దసరా సెలవులకు ముందు కరస్పాండెంటు నన్ను పిలిపించి కూల్‌డ్రింకు తెప్పించాడు. అప్పుడే నాకు అనుమానం వేసింది.

“మనకి ఏటా నూటికి నూరు శాతం మేడమ్. గేటు మీద బోర్డు కూడా చూసుంటారు. పాపని ఈ ఒక్క సంవత్సరం...” అని ఆగాడు.

“ఇంట్లో కూర్చోబెట్టుకోమంటారా?”

“అబ్బెబ్బే, అదేం మాట. ప్రైవేటుగా కట్టిద్దాం. మన స్కూలు పేరు లేకుండా.”

“కట్టనండీ. పాప ఫెయిలైతే మీ బోర్డు మీద తొంభై తొమ్మిదని రాయించుకోండి. రంగు డబ్బా నేను పంపిస్తాను” అని కూల్‌డ్రింకు ముట్టుకోకుండా లేచి వచ్చేశాను. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని మా అత్తగారు నాకెన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు. నా నోరు ఎప్పుడూ మంచిది కాలేదు.

కానీ భయం నాకూ ఉంది. మా అమ్మాయికి జవాబులన్నీ వచ్చు, ప్రశ్న మారితేనే కష్టం. “కృష్ణా నది ఎక్కడ పుట్టింది?” అంటే మహాబలేశ్వరం అని రాస్తుంది. “కృష్ణా నది జన్మస్థానమేది?” అంటే పెన్ను కింద పెట్టేస్తుంది. ఆ ప్రశ్న తన నోట్సులో లేదు కాబట్టి అది తనని అడిగింది కాదు. అలా ఎన్ని మార్కులు పోయాయో. అందుకని ఆ ఏడాదంతా నేను చేసిన పని ఒక్కటే. ఒక్కొక్క జవాబుకి పది పన్నెండు రకాల ప్రశ్నలు రాసి, పక్కన బాణం గుర్తు వేసి, ఇవన్నీ ఒకే ఇంటికి వెళ్ళే దారులని చెప్పడం. స్కూలు నుంచి రాగానే మొదలుపెడితే అన్నం వేళ దాకా. సైన్సుకి ఒక పుస్తకం, సోషల్‌కి రెండు పుస్తకాలు నిండాయి. కొన్ని రోజులు నేను అరిచేదాన్ని. ఒకరోజు వీపు మీద కొట్టాను కూడా. తను ఏడవలేదు. పుస్తకం తిప్పి ఆ పేజీ మళ్ళీ మొదట్నుంచి రాసింది. ఆ రాత నాకింకా కళ్ళముందుంది.

పరీక్షలప్పుడు నాకు వేరే సెంటర్లో ఇన్విజిలేషన్ డ్యూటీ పడింది. ఎవరి పిల్లలకో పేపర్లు పంచుతూ నా పిల్ల ఏం చేస్తోందో తెలియకుండా ఆరు రోజులు గడిపాను. మా ఆయన షెడ్డు మానేసి ఆరు రోజులూ ఆ గేటు దగ్గరే నిలబడ్డాడు, ఏప్రిల్ ఎండలో, తువ్వాలు తడిపి నెత్తిన వేసుకుని. హిందీ రోజు తను గంటకే లేచి బయటికొచ్చేసింది. పక్క గదిలో ఎవరో బల్ల ఈడ్చారట. మా ఆయన గేటు బయట నేల మీద కూర్చోబెట్టి గొడుగు పట్టాడు. వెనక్కి వెళ్ళమని చెప్పలేదు. “వెళ్ళమని చెప్పాల్సింది కదండీ!” అని నేను రాత్రి దెబ్బలాడాను. “నీకు తెలియదులే” అన్నాడు.

మేలో ఫలితాలొచ్చాయి. లిస్టు స్కూలు గోడకి అంటిస్తారంటే నేనొక్కదాన్నే వెళ్ళాను. ఏదైనా జరగరానిది జరిగితే తను చూడకూడదని. ఆరు వందలకి మూడు వందల నలభై ఒకటి. హిందీలో ఇరవై నాలుగు. ఇరవై వస్తే చాలు. నేను ఆ గోడ పట్టుకుని ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. పక్కన ఎవరో పెద్దమనిషి “ఏమ్మా, పోయిందా?” అని జాలిగా అడిగాడు. “పాసయిందండీ” అని ఆయన ముందే భోరున ఏడ్చాను.

అక్కణ్ణుంచి ఎస్టీడీ బూత్‌కి వెళ్ళి మా అమ్మకి చెప్పాను, మా అత్తగారి ఊళ్ళో ఫోనున్న ఇంటికి చేసి చెప్పమన్నాను. షెడ్డుకి వెళ్ళి మా ఆయనకి చెప్పాను. ఆయన వెల్డింగు అద్దాలు తీయకుండానే తలూపాడు, లోపల ఏమైందో నాకు కనబడకుండా. కూరగాయలమ్మికి చెప్పాను. మా వీధిలో నాతో మాటలు లేని ఇంటికి కూడా వెళ్ళి చెప్పొచ్చాను.

మా అత్తగారు మర్నాడే బస్సు దిగింది. ఆవిడది కూచిపూడి దగ్గర పల్లె. డెబ్బై దాటిన మనిషి, షుగరుంది, అయినా మనవరాలి కోసం ఏడేళ్ళుగా శుక్రవారం శుక్రవారం ఉపవాసం ఉంటోంది. నేనెన్నిసార్లు మానమన్నా మానలేదు. వస్తూనే సంచీ కింద పెట్టకుండా, “కూడిక పెట్టాల్సిందే అమ్మాయ్. నేను మొక్కుకున్నాను” అంది.

నేను వెంటనే ఒప్పుకోలేదు. రెండు రోజులు వాదించి, చివరికి షరతులు పెట్టాను. మైకు వద్దు. కంజిర వద్దు, చప్పట్లు వద్దు. ఎవరూ పాప తల మీద చెయ్యి పెట్టకూడదు. ఇరవై మందికి మించకూడదు. అందరూ అన్నిటికీ “అలాగేలేమ్మా” అన్నారు. పాస్టరుగారు కూడా నవ్వుతూ అన్నారు. ఆ “అలాగేలే”ని నమ్మడం నా తెలివితక్కువ. మాలో అలాగేలే అంటే విన్నాం అని అర్థం, చేస్తామని కాదు.

నిజానికి ఒప్పుకోవడానికి నాకూ ఒక ఆశ ఉంది. పధ్నాలుగేళ్ళలో మా అమ్మాయి గురించి మంచి మాట చెప్పడానికి ఎవరూ మా గుమ్మం ఎక్కలేదు. చెప్పడానికొచ్చినవాళ్ళంతా నాటువైద్యాలూ, సంబంధాలు ఎలా వస్తాయన్న బెంగలూ చెప్పినవాళ్ళే. ఒక్క పావుగంట తను నలుగురి మధ్యా కుర్చీలో కూర్చోవాలి. వీళ్ళంతా తన కోసం వచ్చారని తనకి తెలియాలి. నాకు ఇంకేం అక్కర్లేదు. దానికోసం పది రోజులు ఇంట్లో అభ్యాసం చేయించాను. హాల్లో కుర్చీ వేసి, గడియారంలో పెద్దముల్లు పన్నెండు మీంచి మూడు మీదికి వచ్చేదాకా కూర్చోవడం. ఎవరైనా పలకరిస్తే “వందనాలండీ” అనడం. చేతులు ఒళ్ళో పెట్టుకోవడం. చివరి రెండు రోజులూ బ్రహ్మాండంగా కూర్చుంది. ముల్లు మూడు మీదికి రాగానే “సమయము పూర్తయినది” అని లేచేది. నేను నవ్వేదాన్ని, నా గుండె నిండిపోయేది.

ఆ సాయంత్రం అయిదింటికి వీధిలోకి చూస్తే షామియానా కింద ఎర్ర కుర్చీలు అరవై దాకా ఉన్నాయి. కరెంటు స్తంభానికి మా కిటికీకేసి తిప్పి సౌండుబాక్సు కట్టారు. నేను మా ఆయన్ని అడిగాను. ఆయన షామియానావాడు తెచ్చాడన్నాడు. షామియానావాడు పాస్టరుగారు చెప్పారన్నాడు. పాస్టరుగారు “నేనెందుకు చెబుతానమ్మా, ఇంటివాళ్ళే చెప్పారనుకున్నా” అన్నారు. మా అత్తగారు “కుర్చీలతో పాటు వచ్చుంటుందిలే” అంది. అందరూ శ్రీవైష్ణవులే, బుట్టెడు రొయ్యలు మాయమయ్యాయన్నట్టు ఉంది. తీసేయమని అరిచాను. తీసేస్తాం, తీసేస్తాం అంటూనే ఎవరో స్విచ్చి నొక్కారు.

“హలో... హలో... మైక్ టెస్టింగ్... స్తోత్రం... స్తోత్రం...”

మా అమ్మాయి అప్పటికే కొత్త పంజాబీ డ్రస్సు వేసుకుని కుర్చీలో కూర్చుని ఉంది. ఆ కూతకి కుర్చీతో సహా వెనక్కి పడిపోయింది. లేచి మణికట్టు నోట్లో పెట్టుకుంది. నేను ఎత్తుకున్నంత పని చేసి వెనక గదిలోకి తీసుకెళ్ళాను. కిటికీ తలుపులు వేశాను, చెవుల్లో దూది పెట్టాను, టేబుల్ ఫ్యాను పెట్టాను, సోషల్ పుస్తకం చేతికిచ్చాను. బయటికొచ్చి తలుపుకి గొళ్ళెం పెట్టాను. చప్పుడెక్కువైతే తను రోడ్డు మీదికి పరుగెడుతుంది, మా సందు దాటితే లారీలే లారీలు. పాటలు అవగానే తీసుకొద్దామనుకున్నాను. గొళ్ళెం పెట్టమని నాకెవరూ చెప్పలేదు. నేనే పెట్టాను.

నలభై నిమిషాలు పాటలు పాడారు. కంజిర వచ్చింది, తబలా వచ్చింది, చప్పట్లయితే చెప్పనే అక్కర్లేదు. పాస్టరుగారు వాక్యం చెబుతూ ఈ బిడ్డ పుట్టు మూగదనీ, దేవుడు నాలుక తాకి మాట ఇచ్చాడనీ అన్నారు. అది పుట్టు మూగ కాదు. తర్వాత కరస్పాండెంటు లేచి రెండు మాటలని చెప్పి ఇరవై నిమిషాలు మాట్లాడాడు. ఈ బిడ్డని మొదట్నుంచీ కన్నబిడ్డలా చూసుకున్నామనీ, మా స్కూలు నూటికి నూరు శాతం ఈసారి ఎంతో ప్రత్యేకమనీ, వచ్చే ఏడాది కరపత్రంలో పాప ఫోటో వేస్తున్నామనీ. నా పళ్ళు నేనే కొరుక్కున్నాను. పుండు మీద కారం చల్లినట్టు అందరూ చప్పట్లు కొట్టారు.

తర్వాత మా అత్తగారు సాక్ష్యానికి లేచింది. మైకు పట్టుకుని ఏడుస్తూనే మాట్లాడింది. ఏడేళ్ళ శుక్రవారాలు చెప్పింది. ఒకసారి ఉపవాసంలో కళ్ళు తిరిగి బావి దగ్గర పడిపోయిన సంగతి అప్పటిదాకా మాకెవరికీ చెప్పలేదు, అక్కడ చెప్పింది. ఆవిడ మీద నాకు కోపం రాలేదు. రాకపోయేసరికి ఆ కోపం ఎవరి మీద పెట్టుకోవాలో తెలియక ఇంకా మండిపోయాను.

నా పక్క కుర్చీ ఖాళీగానే ఉంది. వచ్చినవాళ్ళు పెన్నుల సెట్టూ, స్టీలు బాక్సూ, స్వీటు ప్యాకెట్లూ తెచ్చి ఆ కుర్చీలో పెట్టి నా చెయ్యి పట్టుకుని ఊపి వెళ్తున్నారు. పాప ఏదని ఒక్కళ్ళు కూడా అడగలేదు. లేకపోతేనే కూడిక సజావుగా జరుగుతుందని అందరికీ తెలుసు, నాతో సహా.

అప్పుడు ఒకామె వచ్చి నా కాళ్ళ దగ్గర కూర్చుంది. పాతికేళ్ళుంటాయేమో. పక్కన నాలుగేళ్ళ ఆడపిల్ల. ఆ పిల్ల ఎవరినీ చూడకుండా షామియానా అంచున విప్పిన చెప్పులన్నీ వరసగా సర్దుతోంది. నాకు చూడగానే తెలిసిపోయింది.

“అక్కా, మాది మీ అత్తగారి ఊరి పక్కనే. ఆవిడ మా సంఘంలో చెబితే బస్సెక్కి వచ్చేశాం. మా పాపకీ మాట లేదు” అంది. కొంగు వేలికి చుట్టుకుంటూ, “ఎన్ని శుక్రవారాలు ఉండాలక్కా?” అని అడిగింది.

నేను లేచి వెళ్ళి, మళ్ళీ మైకు అందుకున్న కరస్పాండెంటు చేతిలోంచి దాన్ని లాక్కున్నాను. ఏం మాట్లాడానో నాకు చాలావరకు గుర్తుంది, మర్చిపోతే బాగుండేది. ఇక్కడ ఏ అద్భుతమూ జరగలేదన్నాను. నాలుగు స్కూళ్ళు తిరిగింది నేను అన్నాను. అయిదో స్కూల్లో తెల్లకాగితం మీద సంతకం పెట్టింది నేను. రోజుకి మూడు నాలుగు గంటలు కూర్చుని ప్రశ్నలన్నీ మార్చి మార్చి రాసింది నేను. మీరంతా పెళ్ళిళ్ళకి వెళ్తుంటే ఇంట్లో కూర్చుంది నేను. ఏ వాక్యం ఎత్తినా “నేను” దగ్గరే ఆగింది. మధ్యలో వెనక వరసలో ఒక తాతగారు అలవాటుకొద్దీ “ఆమేన్” అన్నాడు. ఎవరూ నవ్వలేదు. మా అత్తగారు తల వంచుకుని కొంగు ముడి చూసుకుంటోంది. నేను మైకు కింద పెట్టేశాను.

చెప్పినవన్నీ నిజాలే. కానీ అప్పటిదాకా దేవుడికీ ఉపవాసానికీ స్కూలుకీ తలా కాస్త పంచిపెట్టినదాంట్లో నేనొచ్చి పెద్ద వాటా లాక్కున్నాను, అంతే. ఆ ఆరు పేపర్లు రాసిన పిల్ల ఊసు నా నోట కూడా రాలేదు. అది నాకప్పుడు తట్టలేదు. గెలిచినట్టు అనిపించింది.

పాస్టరుగారు భోజనాలకి లేవమన్నారు. పల్లె నుంచి వచ్చిన ఆ పిల్ల తల్లి మాత్రం లేవలేదు. నా మాటలు విన్నాక ఆమె మొహంలో వెలుగు పోయింది, అయినా వదల్లేదు. “పాపని ఒక్కసారి చూపిస్తారా అక్కా? చూసి వెళ్ళిపోతాం” అంది. పాటలు అయిపోయాయి, మైకు ఆపేశారు. సరే రమ్మన్నాను. ఆమె తన పిల్లని చెప్పుల దగ్గర్నుంచి ఎత్తుకుని నా వెనకే ఇంట్లోకి వచ్చింది.

నేను గొళ్ళెం తీశాను. గొళ్ళెం చప్పుడుకి ఆమె ఆగిపోయింది. నా మొహం చూడలేదు, తలుపుకేసే చూస్తోంది.

మా అమ్మాయి నేల మీద గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. చెవుల్లో దూది ఉంది. పుస్తకం మూసి ఒళ్ళో పెట్టుకుంది. చేతులు నేను నేర్పినట్టే పుస్తకం మీద పెట్టుకుంది. నన్ను చూసి దూది తీసి, నెమ్మదిగా అడిగింది.

“ఎవరు మరణించారు?”

నాకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక గడప మీద కూర్చున్నాను. రెండేళ్ళ కిందట మా మామగారు ఇక్కడే మా ఇంట్లో పోయినప్పుడూ ఇలాగే వీధిలో షామియానా వేశారు. ఇవే కుర్చీలు, ఇదే పాస్టరుగారు, ఇవే పాటలు, చివర్లో ఇవే భోజనాలు. అప్పుడూ తనని ఈ గదిలోనే పెట్టి గొళ్ళెం వేశాం. బయట ఏడుపులు వినిపించాయి, ఇవాళ కూడా మా అత్తగారి ఏడుపు మైకులో వినబడి ఉంటుంది. తను సరిగ్గానే లెక్క కట్టింది.

“ఎవరూ చనిపోలేదమ్మా. నువ్వు పాసయ్యావు. అందుకని వచ్చారు వీళ్ళంతా.”

“ఎవరు ఉత్తీర్ణులైనారు?”

“నువ్వే. ఏడో తరగతి.”

“ఎప్పుడు?”

పదమూడు రోజులైంది. కూరగాయలమ్మికి చెప్పాను. మాటలు లేని ఇంటికి వెళ్ళి చెప్పాను. తనకి కుర్చీలో ఎలా కూర్చోవాలో చెప్పాను, ఎంతసేపు కూర్చోవాలో చెప్పాను, వందనాలు ఎలా చెప్పాలో చెప్పాను. ఎందుకో చెప్పలేదు. నువ్వు పాసయ్యావని తనతో నేను అనలేదు, వాళ్ళ నాన్న అనలేదు, మా అత్తగారు అనలేదు. ఇంట్లో అందరం ఆ మాటే మాట్లాడుకుంటున్నాం కాబట్టి తనకి తెలుసనుకున్నాం. తనతో అనని మాట తనది కాదని అందరికంటే నాకు బాగా తెలుసు.

ఒక్కొక్క సబ్జెక్టుకీ ఎన్ని మార్కులో చెప్పాను. తను వేళ్ళు ముడుస్తూ, ఒక్కొక్కటే తిరిగి అంది. హిందీ ఇరవై నాలుగు అన్నప్పుడు “బల్ల చప్పుడు” అంది. సోషల్ డెబ్బై ఒకటి అన్నప్పుడు మళ్ళీ చెప్పమంది. మళ్ళీ చెప్పాను. పెదాలు కొంచెం కదిలాయి. అది నవ్వని అందరికీ తెలియదు, నాకు తెలుసు.

నా వెనక నిలబడ్డ ఆ పిల్ల తల్లి ముక్కు ఎగబీల్చింది. ఆమె పిల్ల చంకలోంచి జారి దిగి, గదిలోకి వెళ్ళి, ఆ మూలనున్న చెప్పుల్ని జత చేసి పెట్టింది. మా అమ్మాయి ఆ పిల్లని కాసేపు చూసి, తర్వాత తలుపుకేసి చూసింది. ఆ తర్వాత నాకేసి తిరిగింది.

“ఎనిమిదవ తరగతి ఉత్తీర్ణురాలనైనప్పుడు కూడా ఈ గదిలోనే ఉండవలెనా?”

“వద్దమ్మా” అన్నాను. కోపంతో అడిగి ఉంటే కాళ్ళు పట్టుకునేదాన్ని. తను కోపంతో అడగలేదు. ముందే తెలిస్తే దూదీ పుస్తకమూ సర్ది ఉంచుకుందామని అడిగింది.